మోరిస్‌టౌన్ నుంచి యార్క్‌టౌన్ దాకా: సిపాయిల దారిలో మా వేసవి యాత్ర

న్యూజెర్సీలో ఉండే మనవాళ్లం ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే అందరం ఒకే చుట్టు తిప్పుతాం. నయాగరా, లిబర్టీ విగ్రహం, వాషింగ్టన్ డీసీ, బ్రిడ్జ్‌వాటర్ గుడి, రాబిన్స్‌విల్ అక్షరధామ్. మా అత్తయ్యగారు, మామయ్యగారు ఇవన్నీ పోయినసారే చూసేశారు. మామయ్యగారు జడ్పీ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం పాఠం ఎన్నో బ్యాచ్‌లకు చెప్పారు. ఆ యుద్ధంలో చాలా భాగం న్యూజెర్సీలోనే నడిచింది కాబట్టి ఈ వేసవి శని, ఆదివారాలు దానికే పెట్టుకున్నాం. చివర్లో లాంగ్ వీకెండ్ చూసుకుని వర్జీనియా దాకా వెళ్లాం.

చదివేవాళ్లకు నా కొలత ఏమిటో ముందే చెప్పాలి. విగ్రహం ఎంత పెద్దది, ఫొటో ఎంత బాగా వస్తుంది అన్నది నేను చూడలేదు. 1775 ఏప్రిల్‌లో లెక్సింగ్టన్, కాంకర్డ్ దగ్గర మొదలై 1783లో పారిస్ ఒప్పందంతో ముగిసిన ఈ యుద్ధంలో అమెరికా వైపు చనిపోయిన సిపాయిలు సుమారు 25 వేలని అంచనా. అందులో తూటాలకు, కత్తులకు పోయినవాళ్లు 7 వేల లోపే. మిగతావాళ్లను జబ్బులు, ఖైదు చంపాయి. అంటే తిండి, గుడ్డ, మందు, జీతం లేని సైన్యాన్ని చెదిరిపోకుండా పట్టుకోవడమే ఇక్కడ అసలు యుద్ధం. ఆ సంగతి ఏ చోట బాగా కనిపిస్తుందో ఆ చోటుకే నేను ఎక్కువ మార్కులు వేశాను.

బోస్టన్ ఈ వరసలో లేదు. ఫ్రీడమ్ ట్రెయిల్ రెండున్నర మైళ్ల నడక, బంకర్ హిల్ స్తంభం 294 మెట్లు. కుర్రవాళ్లకు చాలా బాగుంటుంది, అత్తయ్యగారి మోకాళ్లకు పడదు.

నేను అన్నిటికంటే ముందు పెట్టేది మోరిస్‌టౌన్. ఎడిసన్ నుంచి ముప్పావుగంట ప్రయాణం. చుట్టుపక్కల మనవాళ్లు వేలల్లో ఉన్నా ఇక్కడ ఒక్క తెలుగు కుటుంబం కూడా కనిపించకపోవడం నాకు బాధగా అనిపించింది. 1777 జనవరిలో ప్రిన్స్‌టన్ గెలిచాక అమెరికా సైన్యాధిపతి జార్జ్ వాషింగ్టన్ సైన్యాన్ని ఇక్కడికి తెచ్చాడు. న్యూయార్క్‌లో కూర్చున్న బ్రిటిష్ సైన్యం 30 మైళ్ల దూరంలోనే ఉంది, కానీ మధ్యలో వాచుంగ్ కొండలు అడ్డం. చుట్టూ పంట పొలాలు, ఇనుప గనులు, దగ్గర్లోనే ఒక మందుగుండు మిల్లు. దాక్కోవడానికీ బతకడానికీ పనికొచ్చే చోటు.

ఆ చలికాలంలోనే సైన్యం మొత్తానికి మశూచి టీకాలు వేయమని వాషింగ్టన్ ఆజ్ఞ ఇచ్చాడు. ఇప్పటి టీకా కాదది. రోగి పొక్కులోని రసి తీసి ఆరోగ్యంగా ఉన్నవాడి చేతి మీద గాటు పెట్టి అంటించేవారు. జబ్బు తేలిగ్గా వచ్చి పోతుంది, కానీ కొన్ని వారాలు మనిషి మంచం దిగలేడు. ఆ వారాల్లో శత్రువు వస్తే అంతే సంగతులు. అందుకే రహస్యంగా, దళం తర్వాత దళానికి వేయించారు. "మా చిన్నప్పుడు ఊళ్లో అమ్మవారు పోస్తే ఇంటికి వేపకొమ్మలు కట్టి ఎవర్నీ రానిచ్చేవాళ్లు కాదు. సైన్యంలో దాన్ని ఎలా ఆపారమ్మా!" అని అత్తయ్యగారు ఆశ్చర్యపోయారు. ఆ సంవత్సరాల్లో ఉత్తర అమెరికా అంతటా మశూచి ఒక లక్ష మందికి పైగా ప్రాణాలు తీసిందని చరిత్రకారుల లెక్క. ఈ యుద్ధంలో వాషింగ్టన్ ఇచ్చిన అతి ముఖ్యమైన ఆజ్ఞ ఇదేనని నా నమ్మకం.

రెండోసారి సైన్యం ఇక్కడికి వచ్చింది 1779 డిసెంబరులో. ఆ శతాబ్దంలోనే అంత చలి లేదంటారు. న్యూయార్క్ రేవు గడ్డకట్టి, మంచు మీద బండ్లు, ఫిరంగులు నడిచాయి. పది వేల మందికి పైగా సిపాయిలు జాకీ హాలో అనే అడవిలో చెట్లు కొట్టి వెయ్యికి పైగా దుంగల గుడిసెలు కట్టుకున్నారు. గుడిసెకు పన్నెండు మంది. మళ్లీ కట్టి చూపిస్తున్న గుడిసెలు కొన్ని ఇప్పుడు ఆ కొండ మీద ఉన్నాయి. లోపలికి వెళ్లి అరల్లాంటి ఆ చెక్క పడకలు చూస్తే పన్నెండు మంది ఎలా పట్టారో అర్థం కాదు. దారులు మంచుతో మూసుకుపోయి రోజుల తరబడి రేషన్ అందలేదు. కొందరు చెట్టు బెరడు నమిలారు, పాత బూట్లు కాల్చుకుని తిన్నారు. అమెరికన్ల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ అచ్చు వేసిన కాగితపు డాలరు విలువ ఎంత పడిపోయిందంటే, 1780 మార్చిలో 40 కాగితపు డాలర్లకు ఒక వెండి డాలరు అని కాంగ్రెస్సే ఒప్పుకుంది. ఆ కాగితాలకు ధాన్యం అమ్మడానికి రైతు ఎందుకు ముందుకొస్తాడు? చివరికి వాషింగ్టన్ జిల్లాల వారీగా ఇన్ని పశువులు, ఇంత ధాన్యం అని కోటా వేసి పంపాడు. న్యూజెర్సీ రైతులు ఇచ్చారు. ఆ చలికాలం సైన్యం నిలబడిందంటే అది వాళ్ల చలవే.

వాషింగ్టన్ బస చేసిన ఫోర్డ్ గారి భవనం ఊళ్లో ఉంది. గైడ్‌తోనే లోపలికి వెళ్లాలి కాబట్టి ముందు మ్యూజియం కౌంటర్ దగ్గర టైము కనుక్కోండి. ఆ ఇంటావిడ థియోడోసియా ఫోర్డ్. భర్త 1777లో జబ్బుతో పోయాడు, నలుగురు పిల్లలు. ఆవిడ రెండు గదులు ఉంచుకుని మిగతా ఇల్లంతా సైన్యాధిపతికి ఇచ్చింది. వంటిల్లు మాత్రం ఒక్కటే. తన వాళ్లు 18 మంది, ఫోర్డ్ గారి మనుషులంతా ఆ ఒక్క వంటింట్లోనే ఇరుక్కున్నారని, జలుబుతో ఒక్కరికీ గొంతు పెగలడం లేదని వాషింగ్టన్ ఉత్తరం రాశాడు. అత్తయ్యగారు ఆ పొయ్యి దగ్గర నిలబడి గైడ్‌ని వదల్లేదు. వండింది ఎవరు, నీళ్లు ఎక్కణ్ణుంచి మోసేవారు, బట్టలు ఎవరు ఉతికేవారు? నేను అనువదిస్తూ పోయాను, గైడ్ ఓపిగ్గా చెప్పింది. సైన్యం వెంట వందల మంది ఆడవాళ్లు నడిచేవారు. ఎక్కువమంది సిపాయిల భార్యలే. బట్టలుతకడం, రోగులకు సేవ చేయడం వాళ్ల పని. అందుకు సైన్యం వాళ్లకు రేషన్ ఇచ్చేది.

మోరిస్‌టౌన్ గురించి పాఠ్యపుస్తకాల్లో లేని ముక్క ఒకటుంది. 1781 జనవరి 1న ఇదే జాకీ హాలోలో పెన్సిల్వేనియా సిపాయిలు తిరగబడ్డారు. ఏడాదిగా జీతం లేదు. చేరేటప్పుడు 'మూడేళ్లు లేదా యుద్ధం అయ్యేదాకా' అని రాసిచ్చారు. మూడేళ్లయింది, ఇంటికి పంపమని వాళ్లు. యుద్ధం అవలేదు కదా అని అధికారులు. ఒక కెప్టెన్ చనిపోయాడు. సార్జెంట్లే నాయకులై, ఫిరంగులు వెంటపెట్టుకుని వరస తప్పకుండా ప్రిన్స్‌టన్ దాకా నడిచారు. మా వైపు రండి, బకాయిలన్నీ ఇస్తామని బ్రిటిష్ సేనాని ఇద్దరు మనుషుల్ని పంపితే, ఈ సిపాయిలు వాళ్లిద్దర్నీ పట్టి అప్పగించారు. వాళ్లకు ఉరి పడింది. చివరికి రాజీ కుదిరి సుమారు సగం మంది ఇళ్లకు వెళ్లారు. అది చూసి అదే నెలలో న్యూజెర్సీ దళం తిరగబడితే మాత్రం వాషింగ్టన్ క్షమించలేదు. ఇద్దరు నాయకుల్ని తోటి సిపాయిల చేతే కాల్పించాడు. మామయ్యగారు చాలాసేపు అక్కడే నిలబడ్డారు. "జీతం అడిగినవాళ్లు ద్రోహులు కారని ఇక్కడే తెలుస్తోందమ్మాయ్. అమ్ముడుపోవాలనుకుంటే ఆ రోజే పోయేవాళ్లు" అన్నారు. నాకూ అంతే అనిపించింది.

సౌకర్యాల సంగతికొస్తే జాకీ హాలోలో కారు తిరిగే రోడ్డు ఉంది, నడవలేనివాళ్లు కారులోనే చాలా చూడొచ్చు. గుడిసెల దగ్గరికి మాత్రం కాస్త ఎత్తు ఎక్కాలి. గడ్డిలో నడిస్తే ఇంటికొచ్చాక కాళ్లు చూసుకోండి, ఈ అడవుల్లో టిక్స్ అనే రక్తం పీల్చే పురుగులు ఎక్కువ. ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడకుండా మ్యాప్ ముందే సేవ్ చేసుకోవాలి. లోపల తినడానికి ఏమీ దొరకదు. మేం పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో తెచ్చుకున్నాం.

ట్రెంటన్, ప్రిన్స్‌టన్ ఒకే రోజు చూడొచ్చు. 1776 క్రిస్మస్ రాత్రి వాషింగ్టన్ సైన్యం డెలావేర్ నది దాటిన చోట నదికి రెండు వైపులా రెండు రాష్ట్రాల పార్కులు ఉన్నాయి, రెండిటి పేరూ వాషింగ్టన్ క్రాసింగే కాబట్టి జీపీఎస్‌లో సరిచూసుకోండి. పెన్సిల్వేనియా వైపు ఆనాటి నమూనాలో కట్టిన డర్హమ్ పడవలు ఉన్నాయి. ఇనుము మోసే ఆ బల్లపరుపు పడవల్లో 2,400 మందిని, గుర్రాల్ని, ఫిరంగుల్ని మంచుగడ్డల మధ్య దాటించింది మసాచుసెట్స్‌లోని మార్బుల్‌హెడ్ నుంచి వచ్చిన చేపల పడవలవాళ్లు. వాళ్లలో తెల్లవాళ్లతో పాటు నల్లజాతివాళ్లు, అమెరికన్ ఇండియన్లు కూడా ఉన్నారు. ఆ సరికి సైన్యంలో చాలామందికి డిసెంబరు 31తో గడువు అయిపోతుంది, ఏదో ఒకటి గెలవకపోతే జనవరి నాటికి సైన్యమే ఉండదు. ఆ తొందర తెలియకపోతే ఆ చీకట్లో ఆ సాహసం ఎందుకు చేశారో అర్థం కాదు.

ట్రెంటన్‌లో చూడాల్సింది ఓల్డ్ బారక్స్. 1758లో కట్టిన రాతి సిపాయిల ఇల్లు, 1777లో మశూచి టీకాల ఆసుపత్రి అయింది. ఆనాటి దుస్తుల్లో ఉన్న గైడ్ సిపాయికి టీకా ఎలా వేసేవారో వివరంగా చెబుతాడు, మోరిస్‌టౌన్ చూసి వస్తే ఇంకా బాగా తలకెక్కుతుంది. నది దాటిన ఆ తెల్లారి ఇక్కడ ఓడిపోయింది బ్రిటిష్‌వాళ్లు కారు, జర్మన్ రాజ్యాల నుంచి అద్దెకు తెచ్చిన హెస్సియన్లు. యుద్ధం మొత్తం మీద సుమారు 30 వేల మందిని అలా తెచ్చారు. అద్దె రాజులకు, చావు సిపాయిలకు. ట్రెంటన్‌లో 900 మంది దాకా పట్టుబడ్డారు. యుద్ధం ముగిశాక హెస్సియన్లలో వేల మంది తిరిగి వెళ్లకుండా ఇక్కడే రైతులై స్థిరపడ్డారు.

ఊరి విషయం చెప్పాలంటే, ట్రెంటన్ డౌన్‌టౌన్‌లో పగటిపూట చూసుకుని, భోజనానికి ప్రిన్స్‌టన్‌కో లారెన్స్‌విల్‌కో వెళ్లిపోవడం నయం. ప్రిన్స్‌టన్ యుద్ధభూమి పచ్చిక మైదానం, అరగంట చాలు.

మన్మత్ యుద్ధభూమి మనలాప్పన్‌లో ఉంది. మార్ల్‌బరో, ఫ్రీహోల్డ్ వైపు ఉన్న మన తెలుగువాళ్లకు ఇంటి వెనకే. 1778 జూన్ 28న ఫిలడెల్ఫియా వదిలి న్యూయార్క్ వెళ్తున్న బ్రిటిష్ సైన్యాన్ని ఇక్కడ అడ్డగించారు. ఆ రోజు ఎండ వంద డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దగ్గర, ఉన్ని కోట్లలో పోరాడుతూ వడదెబ్బకే చాలామంది రాలిపోయారు. మేమూ జూన్‌లోనే వెళ్లాం, నీడలేని ఆ పొలాల్లో పది నిమిషాలు నడిచాక మామయ్యగారిని వెనక్కి తీసుకొచ్చేశాం. మీరు వెళ్తే పొద్దున్నే వెళ్లండి, నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి. విజిటర్ సెంటర్ కొండ మీద ఉంది, లోపల ఏసీ, బయట యుద్ధభూమి మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. టాయిలెట్లు శుభ్రంగా ఉన్నాయి, పార్కింగ్ ఉచితం.

మాలీ పిచర్ అని ఇక్కడ అందరూ చెప్పుకునే ఆవిడ మేరీ హేస్ అంటారు. ఫిరంగి దగ్గర సిపాయిలకు నీళ్లు మోసి, భర్త స్థానంలో తనే ఫిరంగి పనిలో నిలబడిందని కథ. 1822లో పెన్సిల్వేనియా శాసనసభ ఆవిడకు ఏడాదికి 40 డాలర్ల పెన్షన్ ఇచ్చింది. ఆవిడ పేరు మీద బోర్డులు చాలా ఉన్నాయి. ఇదే జిల్లాలో పుట్టిన ఇంకో మనిషి గురించి ఇంకా చెప్పాల్సినంత చెప్పడం లేదని నాకనిపించింది. టైటస్ అనే బానిస 1775లో యజమాని దగ్గర్నుంచి పారిపోయి బ్రిటిష్ వైపు చేరాడు. తిరుగుబాటుదారుల బానిసలు మా వైపు వచ్చి పోరాడితే స్వేచ్ఛ ఇస్తామని వర్జీనియా గవర్నర్ డన్‌మోర్ ఆ నవంబరులోనే ప్రకటించాడు. టైటస్ 'కర్నల్ టై' పేరుతో 1779, 80ల్లో మన్మత్ జిల్లా బానిస యజమానుల ఇళ్ల మీద దాడులు చేశాడు, 1780లో గాయం ముదిరి చనిపోయాడు. అతనికి స్వాతంత్ర్యం ఇవ్వజూపింది రాజు, వాషింగ్టన్ కాదు. ఈ యుద్ధాన్ని ఒక వైపు నుంచే నేర్చుకున్న మా పిల్లలకు ఇది చెప్పడం అవసరమనిపించింది. న్యూజెర్సీ కూడా 1804 దాకా బానిసత్వం రద్దుకు చట్టం చేయలేదు, చేసింది కూడా మెల్లమెల్లగా అమలయ్యేదే. ఇదే రాష్ట్రంలో 1776 రాజ్యాంగం ప్రకారం 50 పౌండ్ల ఆస్తి ఉన్న ఒంటరి ఆడవాళ్లు ఓటు వేసేవారు. 1807లో ఆ హక్కు తీసేశారు.

వ్యాలీ ఫోర్జ్ అందరికీ తెలిసిన చోటే. కింగ్ ఆఫ్ ప్రష్యా మాల్‌కు షాపింగ్‌కు వెళ్లి, పక్కనే ఉన్న ఈ పార్కును చూడకుండా వచ్చేస్తుంటాం. 3,500 ఎకరాలు, ప్రవేశం ఉచితం. ఇక్కడ యుద్ధం జరగలేదు. 1777 డిసెంబరు 19న 12 వేల మంది సిపాయిలు, వాళ్లతో సుమారు 400 మంది ఆడవాళ్లు, పిల్లలు వచ్చి ఆరు నెలలున్నారు. ఆ ఆరు నెలల్లో జబ్బులతో పోయినవాళ్లు 2,000 మందికి దగ్గర. అదీ ఎక్కువ మంది చలి తగ్గాక, వసంతంలో పోయారు. టైఫస్, టైఫాయిడ్, విరేచనాలు. గుడిసెల మధ్య మరుగు గుంటలు సరిగ్గా లేకపోవడం, చచ్చిన గుర్రాలు కుళ్లిపోవడం కారణం. ప్రష్యా నుంచి వచ్చిన స్టాయిబెన్ కవాతు నేర్పాడన్నది అందరూ చెబుతారు, ఇంగ్లీషు రాకుండానే ఒక చిన్న దళానికి నేర్పి, వాళ్ల చేత మిగతావాళ్లకు నేర్పించాడు. వంటశాలలు ఒక వైపు, మరుగుదొడ్లు పల్లంలో ఇంకో వైపు ఉండాలని శిబిరాన్ని క్రమంలో పెట్టిందీ అతనే. కవాతు కంటే ఇదే ఎక్కువ ప్రాణాలు కాపాడి ఉంటుందని నేననుకుంటాను. సరఫరాలు చూడ్డానికి నాథానియేల్ గ్రీన్‌ను 1778 మార్చిలో పెట్టాకే బండ్లు కదిలాయి. దూరం నుంచి వనైడా అనే అమెరికన్ ఇండియన్ తెగవాళ్లు మొక్కజొన్నలు మోసుకొచ్చారు. రోడ్ ఐలండ్ రాష్ట్రం బానిసల్ని కొని, స్వేచ్ఛ ఇచ్చి ఒక రెజిమెంటు నింపాలన్న ఆలోచన పుట్టిందీ ఈ శిబిరంలోనే.

చూడ్డానికి హాయిగా ఉంటుంది. ఆ హాయే నాకు కాస్త ఇబ్బందిగా అనిపించింది. సైకిళ్లు, జాగింగ్, కుక్కలు, గాలిపటాలు, ఆర్చ్ దగ్గర పెళ్లి ఫొటోలు. చలి, ఆకలి ఊహించుకోవాలంటే జాకీ హాలో అడవే మేలు. కానీ వయసు మళ్లినవాళ్లకు, చంటిపిల్లలకు వ్యాలీ ఫోర్జ్ సులువు. దారులు చదును, సీజన్‌లో బస్సు టూర్ కూడా ఉంటుంది. హోటళ్లకు కొదవ లేదు, మాల్ పక్కన అయితే దోసె, ఇడ్లీ కూడా దొరుకుతాయి. రాత్రి ఇక్కడే ఉండి మర్నాడు పొద్దున ఫిలడెల్ఫియా వెళ్లడం మంచి పద్ధతి.

ఫిలడెల్ఫియాలో ఇండిపెండెన్స్ హాల్, లిబర్టీ బెల్ ఎలాగూ చూస్తారు. హాల్‌కు టైము టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, లిబర్టీ బెల్‌కు అవసరం లేదు. అక్కడికి నడిచే దూరంలో 2017లో తెరిచిన అమెరికన్ విప్లవ మ్యూజియం ఉంది. టికెట్ ధర తక్కువేం కాదు, అయినా ప్రతి డాలరుకూ న్యాయం చేస్తుంది. యుద్ధంలో వాషింగ్టన్ పనిచేసుకున్న గుడ్డ డేరా అక్కడ ఉంది. చిన్న సినిమా చూపించి తెర ఎత్తుతారు, మసక వెలుతురులో అసలు డేరా. ఆ డేరా దగ్గరే నీడలా ఉండి సేవ చేసిన విలియమ్ లీ అనే బానిస గురించి కూడా చెబుతారు. యుద్ధమంతా వాషింగ్టన్ వెంటే గుర్రం మీద తిరిగిన అతనికి విముక్తి వచ్చింది వాషింగ్టన్ చనిపోయాక, వీలునామాతో. ఎవరి వైపు ఉండాలా అని వనైడా పెద్దలు చర్చించుకునే గది నాకు బాగా నచ్చింది. లోపల కూర్చోవడానికి బెంచీలు తగినన్ని ఉన్నాయి, వీల్‌చైర్ అడిగితే ఇచ్చారు. అత్తయ్యగారు అలసిపోకుండా చివరి గది దాకా చూడగలిగారు.

న్యూయార్క్ వెళ్లేవాళ్లు ఒక పూట బ్రూక్లిన్‌లోని ఫోర్ట్ గ్రీన్ పార్కుకు కేటాయించండి. రేవులో లంగరు వేసిన పాత ఓడల్లో బ్రిటిష్‌వాళ్లు ఖైదీలను కుక్కి ఉంచారు. జెర్సీ అనే ఓడ వాటిలో అతి ఘోరమైనది. మొత్తం 11 వేల మందికి పైగా ఆ ఓడల్లో చనిపోయారంటారు, యుద్ధభూముల్లో పోయినవాళ్లకంటే ఎక్కువ. రాజు నౌకాదళంలో చేరతామంటే వదిలేస్తామని చెప్పినా చాలామంది చేరలేదు. వాళ్ల ఎముకల మీద 1908లో కట్టిన 149 అడుగుల స్తంభం ఇది. కారు వద్దు, సబ్‌వేలో వెళ్లండి. మెట్లు కొన్ని ఎక్కాలి.

ఇక వర్జీనియా. మా ఇంటి నుంచి ఆరు గంటలని ఫోన్ చెప్పింది, డీసీ దగ్గర ట్రాఫిక్‌తో ఎనిమిది దాటింది. శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరకండి, తెల్లవారుజామున వెళ్లండి. విలియమ్స్‌బర్గ్‌లో మొదట దిగిన హోటల్ రూమ్ చెమ్మ వాసన, ఏసీ రాత్రంతా హోరు. ఫోన్ చేస్తే రేపు మారుస్తామన్నారు, మార్చలేదు. మర్నాడు వంటగది ఉన్న రెండు బెడ్రూముల సూట్‌కు మారిపోయాం. ఈ ఊళ్లో అలాంటివి చాలా ఉన్నాయి, మన కుటుంబాలకు అవే సరిపోతాయి. కుక్కర్ పెట్టుకున్నాం, ఖర్చు కూడా పెద్ద తేడా రాలేదు. ఒక్కటే జాగ్రత్త. చవగ్గా టికెట్లు ఇస్తాం, గంటన్నర మా ప్రెజెంటేషన్ వినండి అని కొందరు పట్టుకుంటారు. పెద్దవాళ్లను వెంటపెట్టుకుని ఒక పూట అలా పోగొట్టుకోవద్దు.

కలోనియల్ విలియమ్స్‌బర్గ్ వీధుల్లో తిరగడం ఉచితం, ఇళ్ల లోపలికి, దుకాణాల్లోకి టికెట్ కావాలి. కమ్మరి, నేత, పుస్తకాల అచ్చు, అన్నీ నిజంగా చేస్తూ చూపిస్తారు. 1926 నుంచి రాక్‌ఫెల్లర్ డబ్బుతో తిరిగి నిలబెట్టిన ఊరు కాబట్టి కాస్త ఎక్కువ శుభ్రంగా, అందంగా కనిపిస్తుంది. ఆ కాలంలో ఈ ఊరి జనాభాలో సగం మంది నల్లజాతివాళ్లు, దాదాపు అందరూ బానిసలే. ఆ పాత్రలు వేసే కళాకారులు చెప్పే మాటలు తప్పకుండా వినండి, నాకు ఆ ఊళ్లో అన్నిటికంటే విలువైనవి అవే. సత్రాల్లో శాకాహారం నామమాత్రమే.

యార్క్‌టౌన్ అక్కడికి అరగంట లోపే, పార్క్‌వే మీద చెట్ల మధ్య ప్రయాణం. యుద్ధభూమి జాతీయ పార్కు, పక్కనే ఉన్న అమెరికన్ విప్లవ మ్యూజియం రాష్ట్రానిది. జాతీయ పార్కుల పాస్ మొదటిదానికే పనిచేస్తుంది, రెండోదానికి వేరే టికెట్. టైము ఒకదానికే ఉంటే యుద్ధభూమికి వెళ్లండి. ముట్టడి 1781 సెప్టెంబరు 28న మొదలై అక్టోబరు 19న బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ లొంగుబాటుతో ముగిసింది. ఫ్రెంచి నౌకాదళం సెప్టెంబరు 5న చెసపీక్ బే సముద్రద్వారం దగ్గర బ్రిటిష్ ఓడలను వెనక్కి తరమకపోతే ఇది జరిగేదే కాదు. తొమ్మిది, పది నంబర్ల మట్టి బురుజులు ఇప్పుడూ చూడొచ్చు. అక్టోబరు 14 రాత్రి ఒకటి ఫ్రెంచివాళ్లు, ఒకటి అలెగ్జాండర్ హామిల్టన్ నాయకత్వంలో అమెరికన్లు బాయ్‌నెట్ కత్తులతో పట్టుకున్నారు. కారులో కూర్చునే అన్ని చోట్లా ఆగుతూ తిరగొచ్చు, అత్తయ్యగారికి ఇంతకంటే సుఖమైన చోటు ఈ యాత్రలో లేదు.

రేంజర్ నడక టూర్‌లో నిజాయితీగా చెప్పిన ఒక సంగతి నన్ను వదల్లేదు. స్వేచ్ఛ ఇస్తామన్న మాట నమ్మి వేల మంది బానిసలు కార్న్‌వాలిస్ సైన్యం వెంట వచ్చారు, కందకాలు తవ్వారు. తిండి తరిగి, మశూచి పాకేసరికి వాళ్లను శిబిరం బయటికి తరిమేశాడు. రెండు సైన్యాల మధ్య అడవిలో వాళ్లు చనిపోయారు. బతికినవాళ్లను యజమానులు తిరిగి తీసుకోవచ్చని లొంగుబాటు షరతుల్లోనే రాసుకున్నారు. బ్రిటిష్ శిబిరంలో ఉండి, అమెరికా వైపు పోరాడుతున్న ఫ్రెంచి సేనాని లఫాయెట్‌కు రహస్యాలు చేరవేసిన జేమ్స్ అనే బానిసకు కూడా 1787 దాకా విముక్తి రాలేదు, అదీ వర్జీనియా శాసనసభకు అర్జీ పెట్టుకుంటే.

లొంగుబాటు మైదానంలో మామయ్యగారు ఆగలేకపోయారు. ఆ రోజు ఒంట్లో బాగాలేదని కార్న్‌వాలిస్ రాలేదు, కత్తి అప్పగించడానికి తన కింది అధికారిని పంపాడు. అయిదేళ్లు తిరక్కుండా, 1786లో, అదే మనిషి గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. "ఇక్కడ ఓడిపోయినవాడికి మన దేశం ఇచ్చారమ్మాయ్! 1788లో నిజాం దగ్గర గుంటూరు సర్కారు తీసుకుంది ఈయన హయాంలోనే. 1792లో శ్రీరంగపట్నం దగ్గర టిప్పు చేత సగం రాజ్యం, బందీలుగా ఇద్దరు కొడుకుల్ని ఇప్పించుకున్నాడు. కడప, గండికోట అప్పుడు నిజాంకు పోయి, 1800లో కంపెనీకి వచ్చి దత్త మండలాలయ్యాయి. ఈయన బెంగాల్లో పెట్టిన జమీందారీ పద్ధతే 1802 నుంచి మన సర్కారు జిల్లాలకూ వచ్చింది. మా తాతలు శిస్తు కట్టింది ఆ లెక్కలోనే" అని రేంజర్‌కు చెప్పమన్నారు. నేను చెబుతుంటే చుట్టూ ఉన్న అమెరికన్లు దగ్గరికి వచ్చి విన్నారు. వాళ్ల కథ ఇక్కడ అయిపోతుంది, ఆ మనిషి కథ మన దగ్గర మొదలవుతుంది. ఈ యుద్ధమే 1783 దాకా మన కడలూరు తీరంలో ఫ్రెంచివాళ్లకూ బ్రిటిష్‌వాళ్లకూ మధ్య సాగింది, శాంతి వార్త ఓడలో వచ్చాకే ఆగింది. ఇక్కడి బోర్డుల మీద ఇది కూడా రాస్తే బాగుంటుందని విజిటర్ సెంటర్‌లో అభిప్రాయాల పుస్తకంలో మామయ్యగారు తెలుగులోనే ఒక పేజీ రాశారు, కింద నేను ఇంగ్లీషులో రాశాను.

యార్క్‌టౌన్ ఊళ్లో వేసవిలో ఉచిత ట్రాలీ తిరుగుతుంది. కారు ఒకచోట పెట్టేసి, నెల్సన్ ఇంటి గోడలో ఫిరంగి గుళ్లు చూసుకుని నది ఒడ్డుకు దిగొచ్చు. ఆ రోజు మధ్యాహ్నం పిల్లలు ఇసుకలో ఆడుకున్నారు, మేం మిగిలిన పెరుగన్నం అక్కడే తిన్నాం. లొంగుబాటు షరతులు రాసుకున్న ఇల్లు మూర్ హౌస్ అన్ని రోజులూ తెరవరు, వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోండి.